ఇంటూ గుర్తు

హైమను పోయిన వారం మందుల గది తలుపు చాటున నిలబెట్టి వదిలేశాం. ఏడు రోజులుగా పాపం ఊపిరి బిగబట్టుకుని అక్కడే ఉంది. ఎందుకు నిలబడిందో మరిచిపోయినవారి కోసం, ఈ సంచికతోనే కథలో అడుగుపెడుతున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆమెను బయటికి తీసుకొద్దాం.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్లే దారిలో, అడవిని ఆనుకుని, నదీతీర వైద్య సంఘం వారి ఆసుపత్రి ఉంది. హైమకు ముప్పై మూడేళ్లు. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి సత్తుపల్లి పక్కన పొలాలు కొనుక్కున్న కుటుంబం ఆమెది. ఎనిమిది నెలలుగా ఆసుపత్రి క్వార్టర్లో ఒక్కతే ఉంటూ, రోగుల కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాం రాస్తోంది. ఈ శుక్రవారం మూడు గంటలకు ఖమ్మం ఆఫీసు నుంచి వెంకటరామారావుగారు జీపులో వచ్చి దాన్ని పరీక్షిస్తారు. నచ్చితే సంఘం వారి ఏడు ఆసుపత్రుల్లోనూ అదే పెడతారు. నచ్చకపోతే హైమ పెట్టె సర్దుకోవాలి. అయితే మూడు వారాల క్రితం ప్రోగ్రాంకు కొత్త రూపం ఇచ్చి కార్డుల గదిలో పెట్టినప్పటి నుంచి, పూటపూటా ఎక్కించిన వివరాలు మాయమైపోతున్నాయి. దొంగెవరో తేల్చుకుందామని, ఆయన వచ్చే ఆ శుక్రవారమే, మధ్యాహ్నం ఒంటిగంటకు, హైమ కార్డుల గదిని ఆనుకున్న మందుల గది తలుపు చాటున నక్కింది. కార్డుల గుమాస్తా ఉప్పలమ్మ భోజనానికి లేచి, కొంగు నడుముకు దోపుకుని, కంప్యూటర్ నడుస్తుండగానే గోడకున్న ప్లగ్గు పట్టుకుని పీకేసింది. అక్కడ ఆపాం.

ఇప్పుడు హైమ బయటికి వచ్చింది.

“ఏం చేశారు ఉప్పలమ్మగారూ?”

ఉప్పలమ్మ ఉలిక్కిపడలేదు. నలభై ఆరేళ్ల మనిషి, మణుగూరు బొగ్గుబాయి కాలనీ నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా ఈ గదిలో కార్డులు తీసిపెడుతోంది. ప్లగ్గును చేతిలోనే పట్టుకుని, “పీకిన” అంది.

“రోజూ ఇలాగే చేస్తున్నారా?”

“అవ్. రోజుకు రెండుసార్లు. బువ్వకు పోయేటప్పుడు ఒకసారి, ఇంటికి పోయేటప్పుడు ఒకసారి.”

దొంగ ఇంత నింపాదిగా ఒప్పేసుకుంటుందని హైమ అనుకోలేదు.  తెరిచిన కార్డును మూస్తేనే అందులో రాసింది భద్రమవుతుందని ఆమె ఉప్పలమ్మకు పదిసార్లు చెప్పింది. మూయడం ఎంతసేపు? కుడి చేతి పైమూలనున్న గుర్తు మీద ఒక్క నొక్కు. ఆ మాత్రం చేయకుండా ముప్పై కార్డులు ఒకదాని మీద ఒకటి తెరిచిపెట్టి, చివరికి మొత్తం కంప్యూటర్ పీక పిసికేస్తోంది ఈ మనిషి.

హైమ కోపాన్ని మనం తప్పుపట్టలేం. ఆ ఎనిమిది నెలలు ఆమె ఎలా గడిపిందో తెలిస్తే మీరూ తప్పుపట్టరు.

మొదట ఆమె రాసిన ప్రోగ్రాం ఆకుపచ్చగా ఉండేది. పసుపు అక్షరాలు, అడుగున పెద్దగా ‘ముగించు’ అని ఒక మీట. వెంకటరామారావుగారు దాన్ని చూసి కళ్లజోడు తుడుచుకుని, “ఇది ఇంట్లో వండినట్టుందమ్మా. కొన్నట్టుండాలి” అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఖమ్మంలో విండోస్ నేర్చుకుని వచ్చే ఏ మనిషైనా ఏ ఆసుపత్రిలో కూర్చున్నా తడుముకోకుండా పని చేసుకోవాలి. అందుకని నలభై అంశాలతో జాబితా టైపు చేయించి పంపారు. బూడిద రంగు అదే ఉండాలి. మీటకు పైనా ఎడమపక్కా తెల్ల గీత, కిందా కుడిపక్కా నల్లని నీడ ఉండాలి. అక్షరాల సైజు అదే ఉండాలి. ఏ గుర్తు ఏ మూలన ఉంటుందో అక్కడే ఉండాలి.

విండోస్ ఒక ఊరనుకుంటే, ప్రోగ్రాం ఆ ఊరికి కాపురానికి వచ్చిన మనిషి. ఆ ఊరివాళ్లలాగే కట్టాలి, వాళ్లలాగే మాట్లాడాలి. హైమకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆసుపత్రిలో చేరిన కొత్తలో తను కూడా ‘ఏంది’ అనీ ‘గట్ల’ అనీ అని చూసింది. నర్సులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత మానేసి తన మాటే తను మాట్లాడుకుంది. మనిషికి కుదరనిది ప్రోగ్రాంకైనా కుదరాలని పట్టుబట్టి, భూతద్దం పెట్టి తెర మీది చుక్కలు లెక్కబెట్టింది. మీట కింది నీడ సరిగ్గా కుదిరిన రోజున ఆమెకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కానీ ఎవరితో చెప్పుకోవాలి? స్నేహితురాలికి ఉత్తరం మొదలుపెట్టి, ‘ఇవాళ నీడ కుదిరింది’ అని ఒక్క వాక్యం రాసి, అది తనకే పిచ్చిమాటలా కనిపించి, కాగితం చింపేసి అన్నం వండుకుంది. ఆ పని అలాంటిది. చక్కగా కుదిరిందంటే ఎవరూ గమనించరు. గమనించారంటే ఎక్కడో చెడిందన్నమాట.

“నా మీద కోపమా మీకు?” అని అడిగింది హైమ చివరికి. “ఈ కంప్యూటర్ వస్తే మీ ఉద్యోగం పోతుందని భయమా?”

“నౌకరి గురించి గాదమ్మా.”

“మరి?”

ఉప్పలమ్మ ప్లగ్గును మళ్లీ గోడకు గుచ్చి, స్విచ్ వేసింది. “మీరు ఇన్ని రోజుల నుంచి గీ కుర్చీలనే కూసుని చూసిన్రు. ఒక్కపాలి బయటికి పోయి, కిటికీ కాడ పేషంట్లు నిలబడే జాగల నిలబడుండ్రి. నేను పిలుస్త.”

కంప్యూటర్ త్వరగా లేవలేదు. సరిగా ఆపకుండా పీకినందుకు అలిగినట్టు, నీలం తెర వేసుకుని తనను తానే తనిఖీ చేసుకుంటూ కూర్చుంది. హైమ వరండా చుట్టి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. బల్ల మీద రోగులు ఎవరూ లేరు. ఎండలో టేకు ఆకులు దొర్లుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తను ఇటువైపు నిలబడలేదన్న సంగతి అప్పుడే ఆమెకు తట్టింది.

ప్లగ్గు ఆ గోడకే ఉంది కాబట్టి కంప్యూటర్ కిటికీ పక్కనే పెట్టారు. తెర సగం కుర్చీ వైపూ సగం కిటికీ వైపూ తిరిగి ఉంటుంది. ఉప్పలమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు కొట్టింది. కార్డు తెరుచుకుంది. పైన ముదురు నీలం పట్టీ. ఎడమ చివర తెల్లటి అక్షరాల్లో రోగి పేరు: రూప్లి. కుడి చివర చిన్న బూడిద రంగు మీట, దానిలో ఇంటూ. ప్రతి విండోస్ ప్రోగ్రాంలోనూ ఉన్నట్టే, అణుమాత్రం తేడా లేకుండా ఉంది.

“ఏముంది? బాగానే ఉంది కదా” అంది హైమ.

ఉప్పలమ్మ వంగి, బల్ల కిందనున్న రేకు పెట్టెను బయటికి లాగింది. ఆ పెట్టెలోని కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించనక్కర్లేదని హైమకు మొదట్లోనే చెప్పారు. అందుకని ఆమె ఎన్నడూ దాన్ని తెరవలేదు. ఉప్పలమ్మ అందులోంచి ఒక కార్డు తీసి, తెర పక్కన నిలబెట్టి పట్టుకుంది.

కార్డు మీద ఎడమ మూలన పేరు ఉంది. కుడి మూలన ఎర్ర పెన్సిలుతో ఇంటూ ఉంది.

“మనిషి పోతే గిట్ల కొడ్తం” అంది ఉప్పలమ్మ. “నేను రాకముందు నుంచి గిదే పద్ధతి. కొట్టి పెట్టెల ఏస్తం. మనిషి కోసం వచ్చినోళ్లకు గీ కిటికీల నుంచే చూపిస్తం. చదువు రానోళ్లకు పేరు చూస్తే తెల్వదమ్మా. గీ గుర్తు మాత్రం చుట్టు పది ఊర్లల్ల అందరికి ఎరుకే.”

హైమ కార్డు వైపు చూసింది. తెర వైపు చూసింది. మళ్లీ కార్డు వైపు చూసింది. కార్డు మీది పేరు ఎల్లస్వామి, మణుగూరు.

“మీ ఆయనదా?”

“అవ్. దమ్ము బీమారితోని పోయిండు. గాయన కార్డు ఏ అరల ఉన్నదో నాకు తప్ప ఎవరికి తెల్వకపాయె. నేనే తీసిన, నేనే కొట్టిన.” ఉప్పలమ్మ కార్డును పెట్టెలో పెట్టి మూత వేసింది. “గిసువంటియి రెండొందల మీద కొట్టిన నా చేత్తోని. పోయినోళ్లకు కొట్టిన. బతికున్నోళ్ల పేరు పక్కన గా ఇంటూ మీద వేలు పెట్టి నొక్కు అంటే నాతోని గాదు. అందుకే పీకేస్తున్న.”

హైమ కిటికీ ఊచ పట్టుకుంది. మూడు వారాలుగా ఈ తెర మీద తెరుచుకున్న ప్రతి బతికున్న మనిషి పేరు పక్కనా తను ఆ గుర్తు పెట్టింది. చుక్క చుక్క లెక్కబెట్టి మరీ పెట్టింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పిన. మీరు గిది పెట్టిన దినమే చెప్పిన. ‘గీ ఇంటూ తీసేయమ్మా, మంచిగ లేదు’ అన్న. మీరేమన్నరో యాదికుందా?”

హైమకు గుర్తుంది. అప్పుడు తను నీడల జాబితాతో సతమతమవుతూ, తల ఎత్తకుండానే, ‘అది అందరికీ ఉంటుంది ఉప్పలమ్మగారూ, అలాగే ఉండాలి’ అంది.

“గా మర్నాడే రూప్లి వచ్చింది” అంది ఉప్పలమ్మ.

రూప్లి పేరు వినగానే హైమ ముఖం ఎత్తింది. పై తండా మనిషి. క్షయ. ఎనిమిది నెలల మందులో ఐదో నెల నడుస్తోంది. పదిహేను రోజులకోసారి మాత్రలకు వచ్చి, చీటీ రాసేదాకా కిటికీలోకి తొంగిచూస్తూ, ‘దినమంత గీ డబ్బల ఏం చూస్తవమ్మా, సినిమానా?’ అని అడిగేది. ఈ ఎనిమిది నెలల్లో హైమను తన పని గురించి అడిగిన మనిషి ఆమె ఒక్కతే. హైమ నవ్వి ఊరుకునేది. జవాబు చెబితే బాగుండేదని క్వార్టర్‌కి వెళ్లాక అనుకునేది.

“రూప్లి మాత్రలు తీస్కున్నది. తెర దిక్కు చూసింది. నీలం పట్టీ మీద తన పేరేనా అని అడిగింది. అవ్ అన్న. ‘నన్ను కొట్టేసిన్రా అక్కా?’ అన్నది. ఏం చెప్పాల్నో తెల్వక, మీరు చెప్పిన మాటే చెప్పిన. అందరికి ఉంటదంట, గట్లనే ఉండాల్నంట అన్న.” ఉప్పలమ్మ వంగి రేకు పెట్టెను మళ్లీ బల్ల కిందికి జరిపింది. “రూప్లి నవ్వింది. గంతే. పోయింది. మొన్న పదిహేను దినాలకు రావాలె, రాలే. గామె ఒక్కతే గాదు. క్షయ మందు తీస్కునేటోళ్లల్ల తొమ్మిది మంది రాలే.”

మందు నెల రోజులు దాటి ఆపితే, మళ్లీ మొదలుపెట్టినా అది పని చేయకపోవచ్చునని డాక్టరమ్మ ప్రతి రోగికీ చెబుతుంది. రూప్లి వచ్చి వెళ్లి ఇవాళ్టికి ఇరవై రోజులు.

హైమ గదిలోకి పరుగున వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇంటూను తీసేయడం పెద్ద పని కాదు. ప్రోగ్రాంలో ఒకచోట ‘అవును’ను ‘కాదు’గా మార్చాలి. మార్చింది. కార్డు మళ్లీ తెరిచింది. నీలం పట్టీ మీద పేరొక్కటే మిగిలింది. కుడి మూల బోసిగా, కనుబొమలు గొరిగేసిన ముఖంలా ఉంది. అడుగున మళ్లీ ‘ముగించు’ అనే మీట పెట్టి, అన్ని కార్డులూ అలాగే తెరుచుకుంటున్నాయో లేదో సరిచూసుకునేసరికి గంట దాటింది.

“సార్ ఒప్పుకుంటడా?” అని అడిగింది ఉప్పలమ్మ, వెనక నిలబడి.

“ఒప్పుకోరు. జాబితాలో ఏడో అంశం ఇదే.”

“ఒప్పుకోకపోతే?”

“ఇంకెవరిదో ప్రోగ్రాం కొంటారు. దానికీ ఇంటూ ఉంటుంది. ఇది మాత్రం ఇంటికి పోతుంది. నేనూ పోతాను.”

ఆ మాట మామూలుగానే అంది గాని, అన్నాక ఆమెకు ఏడుపొచ్చింది. పోతే పోయింది, ఉద్యోగం కోసం కాదు. ఎవరికీ కనబడకుండా కలిసిపోవాలని అంత కష్టపడితే, చివరికి అందరికీ కనబడింది తన పనిలోని ఆ ఒక్క మూల. అది చూసి ఒక మనిషి చావుకు సిద్ధపడి, నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఉప్పలమ్మ ఓదార్చలేదు. స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. హైమ తాగింది.

గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. కిటికీ దగ్గర ఎవరో దగ్గారు.

రూప్లి భర్త హరిలాల్ వచ్చాడు. నెత్తికి తువ్వాలు, చేతిలో చిన్న గుడ్డమూట. దాన్ని ఊచల మధ్య నుంచి లోపలికి పెట్టాడు.

“ఇగో అక్కా, మా ఆడమనిషి మందు గోలీలు. తీసుకపోయినకాడి నుంచి ఒక్కటి గూడ మింగలే. అన్ని అట్లనే ఉన్నయ్. పారేద్దామంటే వద్దన్నది. దవాఖానా మందు గదా, బతికెటోళ్లు ఎవలన్న ఉంటే వాళ్లకు ఇయ్యమన్నది.”

హైమ మూట విప్పింది. మాత్రలున్న తగరపు రేకులు చెక్కుచెదరకుండా, ఒకదాని మీద ఒకటి పొందికగా పేర్చి ఉన్నాయి.

“రూప్లిని కొట్టేయలేదు హరిలాల్. అది నేను చేసిన తప్పు. ఆమె బాగవుతోంది, సగానికి పైగా నయమైంది. ఇదిగో చూడు, ఇప్పుడు ఆ గుర్తు లేదు.” ఆమె తెరను రెండు చేతులతో కిటికీ వైపుకు పూర్తిగా తిప్పింది.

హరిలాల్ ఊచలకు ముఖం ఆనించి చూశాడు. “ఇంటూ లేదు” అన్నాడు మెల్లగా. “లేదు గద అక్కా?”

“లేదయ్యా” అంది ఉప్పలమ్మ. “ఎన్నడు లేదు. నేనే సరిగ చెప్పలే. రూప్లి ఏడున్నది? తోల్కరా.”

“ఏడున్నది, రేవు కాడున్నది. వాళ్ల అన్న వచ్చిండు తోల్కపోనీకి. పినపాక అవతల గామె తల్లిగారి తండా. పోయేదేదో తల్లికాడనే పోతా అన్నది. నేను గోలీలు ఇచ్చి వస్త, మీరు పడవెక్కుండ్రి అని చెప్పి ఇట్లొచ్చిన. మూడున్నరకు పడవ.”

“రేపు వెళ్లి తీసుకురావచ్చు కదా?” అంది హైమ.

హరిలాల్ తల అడ్డంగా ఊపాడు. “రేపు పొద్దుగాల గా తండంత మిరపకోతకు పోతున్నరమ్మా, లారీల. ముసలోళ్లను, సుస్తీ అయినోళ్లను గూడ ఎక్కించుకొని పోతరు, తండాల ఎవలుండరు. ఏ ఊరు పోతరో కూలీలను తోల్కపోయే మేస్త్రికే ఎరుక. మల్ల రెండు నెలలకే వచ్చుడు.”

రేవు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. బస్సు రెండింటికే వెళ్లిపోయింది. హరిలాల్ సైకిల్ మీద వచ్చాడు. ఎంత తొక్కినా ఆ ఇసుకదారిలో గంటకు తక్కువ పట్టదు. హైమ మాత్రల మూటను గుండెకు హత్తుకుని వరండాలోకి వచ్చి నిలబడింది. ఎటు పరుగెత్తాలో తెలియలేదు.

అప్పుడు గేటు దగ్గర హారన్ మోగింది.

వెంకటరామారావుగారు అన్న సమయానికి వచ్చే మనిషి. ఆ రోజు పది నిమిషాలు ముందే వచ్చారు. జీపు వచ్చి వరండా మెట్ల ముందు ఆగింది. ఆయన చంకలో ఫైలు, ఫైలు మీద నలభై అంశాల జాబితా. “ఏమ్మా హైమా, అంతా సిద్ధమేనా?” అంటూ తలుపు తెరిచారు.

హైమ మెట్లు దిగి ఎదురెళ్లి, తెరిచిన తలుపును పట్టుకుంది.

“సార్, దిగకండి. హరిలాల్‌నూ నన్నూ రేవుకు తీసుకెళ్లండి, పడవ కదిలేలోగా. మీరు చూడడానికి వచ్చిన ప్రోగ్రాం వల్ల ఒక మనిషి మందు మానేసింది. ఎందుకో దారిలో చెబుతాను. అది విన్నాక నన్నేం చేసినా మీ ఇష్టం.”

వెంకటరామారావుగారి కాలు ఒకటి అప్పటికే నేల మీద ఉంది.